ఊ కొట్టిన గది

నా గొంతు మీద నాకు గర్వం ఉండేది. అందం మీద గర్వపడే అవకాశం దేవుడు ఎలాగూ ఇవ్వలేదు, గొంతు మాత్రం ధారాళంగా ఇచ్చాడు. రేపల్లెలో ఇరవై తొమ్మిదేళ్లు ఒకటో తరగతి పిల్లలకు చదువు చెప్పాను. నేను గొంతెత్తితే మూడో గదిలో ఉన్న లెక్కల మాస్టారు ఉలిక్కిపడి సుద్దముక్క జారవిడిచేవారు. ఆ గొంతుతోనే కథలు చెప్పేదాన్ని. రిటైరై తెనాలి వచ్చి స్థిరపడ్డాక కూడా వీధిలో పిల్లలు "మామ్మగారూ, కథ" అని గుమ్మంలో నిలబడేవారు.

చెప్పేవాడికి వినేవాడు లోకువ అంటారు. నా దగ్గర ఆ మాట చెల్లదు. నా కథకు ఒక షరతు ఉంది, వినేవాళ్లు ఊ కొట్టాలి. ఊ ఆగితే కథ ఆగుతుంది. పీత రైలెక్కబోతూ ఒక కాలు గాల్లో పెట్టి ఉన్నా సరే, అక్కడే ఆగిపోతుంది.

మా అమ్మాయిని అలాగే పెంచాను. అప్పట్లో రేపల్లెలో మేమున్న ఇంట్లో ముందు ఒక గది, వెనక వంటిల్లు. సాయంత్రం బడి నుంచి రాగానే దాన్ని ముందు గదిలో మంచం మీద కూర్చోబెట్టి, పొయ్యి దగ్గర నుంచే గట్టిగా కథ చెప్పేదాన్ని. అక్కడి నుంచి "ఊ" అనేది. చేతులు కూర తరుగుతున్నా చెవి ఆ ఊ మీదే ఉండేది. ఊ ఆగిందంటే నిద్రన్నా పోయి ఉండాలి, ఏదో ఒక ఘనకార్యానికన్నా దిగి ఉండాలి. ఒకసారి అలా ఆగితే గరిటె పట్టుకునే పరిగెత్తాను. తిరుగుతున్న టేబుల్ ఫ్యాన్లోకి పుల్ల దూర్చడానికి వంగి ఉంది. రెండు తగిలించి, ఎత్తుకుని, మళ్లీ కథ మొదలుపెట్టాను. మా అమ్మ నన్ను కూడా ఇలాగే కనిపెట్టుకుని ఉండేదట. ఊ వినిపిస్తే బిడ్డ ఉన్నట్టే. దాన్ని మేమెవరం ఎప్పుడూ అనుమానించలేదు.

ఆ అమ్మాయి పెరిగి బాపట్లలో టీచరైంది. పెళ్లయింది, ఒక కూతురు పుట్టింది. అల్లుడికి కంప్యూటర్ ఉద్యోగం, ఇంట్లో కూర్చునే చేస్తాడు. నెమ్మదస్తుడు. నా మాట తీసేయడు, అంటే నాకు భయపడతాడనే అర్థం. మనవరాలికి మాటలొచ్చిన దగ్గర నుంచి రోజూ సాయంత్రం ఏడింటికి ఫోను. నేను తెనాలిలో మంచం మీద కూర్చుని చెప్పేదాన్ని, అది బాపట్లలో చాప మీద పడుకుని ఊ కొట్టేది. దానికి నచ్చిన కథ పీత కథ. రేపల్లె దగ్గర ఉప్పు కాలవలో ఉండే ఒక పీత చెప్పులు కొనుక్కోవడానికి రైలెక్కి తెనాలి వస్తుంది. పది కాళ్లకు ఐదు జతలు కావాలంటుంది. అడ్డంగా నడిచేదానికి ఎడమేదో కుడేదో తెలియక షాపువాడు తల పట్టుకుంటాడు. కథ నేనే కల్పించాను. రోజుకో రకంగా చెప్పేదాన్ని. ఒకరోజు పీత వేమూరులో పొరపాటున దిగిపోయేది, ఒకరోజు టిక్కెట్టు ఉప్పునీరు తగిలి తడిసిపోయేది.

పిల్లకు ఐదేళ్లు నిండిన ఏడు రేపల్లెలో మా అక్క బాత్రూంలో జారిపడి తుంటి విరగ్గొట్టుకుంది. నేను వెళ్లి రెండు నెలలు ఉండాల్సి వచ్చింది. సాయంత్రం ఏడింటికి అక్కకు గంజి పట్టడం, పక్క మార్చడం, ఇక ఫోను ఎక్కడ? అప్పుడు అల్లుడికి ఉపాయం తోచింది. తన ఫోనులో మాట్లాడినవన్నీ రికార్డవుతాయట. అప్పటికే నేను చెప్పిన కథలు పాతిక దాకా అందులో పడి ఉన్నాయట.

"వాటన్నిటినీ ఒకదాని వెనక ఒకటి అతికించి పాత ఫోనులో పెడతా అత్తయ్యా. పాప అడిగినప్పుడల్లా పెట్టొచ్చు," అన్నాడు. "పాప ఊ కొట్టడం కూడా మధ్యమధ్యలో పడింది. తీసేయమంటారా?"

"ఉంచు నాయనా," అన్నాను. "ఊ లేని కథ కథేంటి?"

ఈ మాట ఎవరూ నా నోట పెట్టలేదు. నేనే అన్నాను.

ఆ రెండు నెలల్లో పిల్ల ఏడవలేదు, అమ్మమ్మ కావాలని పేచీ పెట్టలేదు. అమ్మాయి ఫోను చేసి మురిసిపోయేది. "వీడియోలన్నీ మానిపించేశామమ్మా. నీ కథలే. చక్కగా ఒక్కత్తే కూర్చుని వింటంది," అనేది. పక్కవాళ్ల పిల్లలు అన్నం తినాలంటే కళ్ల ముందు బొమ్మలు ఆడాలి, మా పిల్లకు కథ చాలు. ఈ సంగతి రేపల్లెలో మా అక్కను చూడటానికి వచ్చినవాళ్లందరికీ చెప్పాను. చర్చిలో స్త్రీల కూడికలో సాక్ష్యం చెప్పినంత పని చేశాను. నా గొంతు లోకం మీద గెలిచినట్టే ఉండేది నాకు.

అక్క కర్ర పట్టుకుని నడవడం మొదలుపెట్టాక తెనాలి చేరి, ఆ శనివారమే బాపట్ల బండెక్కాను. సాయంత్రం పిల్లను దగ్గర కూర్చోబెట్టుకుని పీత కథ మొదలుపెట్టాను. పీత రైలెక్కింది. ఊ రాలేదు. ఆగాను. పిల్ల నా ముఖంలోకి చూస్తూ కూర్చుంది, నేను ఎందుకు ఆగానో దానికి తెలియలేదు.

"ఊ కొట్టవేంటే?"

"నేను ఎందుకు కొట్టాలి? అదే వస్తదిగా," అంది.

నవ్వాను. అమ్మాయీ నవ్వింది. కథ సాగించి పీతను వేమూరు దాటించి తరువాతి స్టేషన్లో దించాను. పిల్ల చెయ్యి అడ్డం పెట్టింది. "తప్పు. వేమూరులో దిగాలి. ఫోన్లో అమ్మమ్మ కరెక్ట్‌గా చెప్తది."

"ఆ ఫోన్లో ఉన్నది నేనేనే పిచ్చి మొద్దూ!"

"నువ్వు ఇక్కడున్నావుగా," అంది. కాసేపు నన్నూ, కిటికీలో పెట్టిన ఆ పాత ఫోనునూ మార్చి మార్చి చూసింది. ఆ చూపు నాకు నచ్చలేదు. ఒకటో తరగతి పిల్లలను వేలమందిని చూశాను, కోపంగా చూసేవాళ్లు, భయంగా చూసేవాళ్లు. ఇది సంతలో రెండు కుండలను తట్టి చూసినట్టు చూసింది. రాత్రి పడుకోబోతూ అమ్మాయితో అన్నాను, "ఆ ఫోను కొన్నాళ్లు లోపల పెట్టెయ్యవే" అని. "నువ్వే కదమ్మా అందరికీ గొప్పలు చెప్పుకుంది," అని అది ముసుగేసింది. నేను కూడా రెట్టించలేదు. నా గొంతే కదా, దాని వల్ల ఏం చెరుపు జరుగుతుందనుకున్నాను.

ఆ తరువాత నెలకోసారి వెళ్లినప్పుడల్లా ఒక సంగతి గమనించాను. పిల్ల గౌను మోకాళ్ల దగ్గర దుమ్ము. అడిగితే డాబా మీద పిల్లి పిల్లలను పెట్టిందనేది. ఆ ఇంటి డాబా మీద ఒక రేకుల గది ఉంది. పాత కూలరు, చిరిగిన పరుపులు, అట్టపెట్టెలు, పనికిరానివన్నీ అందులోనే. పిల్లి ఉంటే ఉండొచ్చు. కానీ ఎప్పుడూ అరుపు వినలేదు. అడగాల్సింది. పాఠాలు చెప్పిన కాలంలో పిల్లల అబద్ధాన్ని వాసన పట్టేదాన్ని. ఇంట్లో పిల్ల దగ్గరకు వచ్చేసరికి ఆ ముక్కు ఎటు పోయిందో నాకు తెలియదు.

పోయిన మే నెలలో ఒక ఆదివారం. పొద్దున్నే అందరం ప్రార్థనకు గుడికి వెళ్లాం. అల్లుడు సంఘం వాళ్ల మీటింగు ఉందని అక్కడే ఉండిపోయాడు. భోజనాలయ్యాక ఆవకాయ పనికి కూర్చున్నాం. అమ్మాయి వంటింట్లో మిక్సీలో ఆవాలు పొడి కొడుతోంది. నేను వరండాలో కాళ్లు చాపుకుని మామిడి ముక్కలు గుడ్డతో తుడుస్తున్నాను. వాళ్లిల్లు సూర్యలంక వెళ్లే దారిలో ఉంది. ఆదివారం వస్తే గుంటూరు నుంచీ మా తెనాలి నుంచీ సముద్రానికి పోయే కార్లు, మోటారు సైకిళ్లు, హారన్లు. ఆ మోతలో కూడా వెనక హాల్లోంచి నా గొంతు నాకు వినిపిస్తూనే ఉంది. పీత టిక్కెట్టు తీసుకుంటోంది. "ఊ." పీత రైలెక్కుతోంది. "ఊ."

మిక్సీ ఆగినప్పుడు కేకేశాను. "పిల్ల ఏం చేస్తందే?"

"వినపడట్లా? నీ కథే వింటంది. ఊ కొడతందిగా."

అవును, కొడుతోంది. నేను పొంగిపోయాను కూడా. చెప్పడానికి సిగ్గుగా ఉంది, కానీ ఆ క్షణంలో నాకు నా గొంతు ఎంత బాగుందో అనిపించింది. మిక్సీ మళ్లీ మొదలైంది. మామిడి ముక్కలు తుడుస్తూ కూర్చున్నాను.

ముక్కలు సగం అయ్యేసరికి గుడ్డ తడిసిపోయింది. ఇంకో గుడ్డ కోసం లేచి లోపలికి వెళ్లాను. హాల్లో చాప పరిచి ఉంది, దిండు ఉంది. చాప మీద ఎవరూ లేరు. కిటికీలో ఫోను పెట్టి ఉంది. అందులోంచి నేను, "అప్పుడు షాపతను ఏమన్నాడో తెలుసా?" అన్నాను. "ఊ," అంది పిల్ల. ఖాళీ గదిలో మేమిద్దరం మాట్లాడుకుంటున్నాం.

ఎంతసేపు నిలబడ్డానో తెలియదు, ఆ ఊ మూడోసారి వచ్చేదాకా నిలబడ్డాను. తరువాత అరిచాను. అమ్మాయి ఆవపిండి చేతులతో పరిగెత్తుకొచ్చింది. మంచాల కింద, బాత్రూంలో, పెరట్లో వెతికాం. గేటు దగ్గరకు వెళ్లి అటూ ఇటూ చూశాం. రోడ్డు మీద కార్లు పోతున్నాయి. అమ్మాయి రోడ్డు మీద పడి పిచ్చిదానిలా పేరు పెట్టి పిలుస్తోంది. ఇంటి ముందున్న కూల్‌డ్రింకుల కొట్టు అబ్బాయి, "పాప బయటికి రాలేదక్కా, పొద్దున్నించీ నేను ఇక్కడే ఉన్నా," అన్నాడు. అప్పుడు నాకు మోకాళ్ల దుమ్ము గుర్తొచ్చింది.

డాబా మెట్లు ఎలా ఎక్కానో దేవుడికే తెలుసు. రేకుల గది తలుపు లోపలి నుంచి గడియ పెట్టి ఉంది. పిలిస్తే పలుకు లేదు. తలుపు మీద చెయ్యి వేస్తే కాలింది. కొట్టు అబ్బాయి రెండుసార్లు భుజంతో తోసి, మూడోసారి కాలితో తన్నితే గడియ ఊడింది. లోపలి నుంచి పొయ్యిలోంచి కొట్టినట్టు వేడి కొట్టింది. చిరిగిన పరుపు మీద పిల్ల పడి ఉంది. ఒళ్లంతా ఎర్రగా కమిలిపోయి ఉంది, చెమట లేదు. పక్కన అల్లుడు ఎప్పుడో పక్కన పడేసిన, అద్దం పగిలిన ట్యాబ్. గోడకున్న ప్లగ్గులో దాని వైరు.

ఆసుపత్రికి వెళ్లేటప్పుడు ఆటోలో పిల్ల తల నా ఒళ్లో ఉంది. అమ్మాయి తడిగుడ్డతో దాని కాళ్లూ చేతులూ తుడుస్తూనే ఉంది. ప్రభువా, ప్రభువా అనడం తప్ప నాకు వేరే ప్రార్థన రాలేదు. డాక్టరు నా కంటే చిన్నవాడు, నా దగ్గర చదివిన పిల్లల వయసువాడు. ఐసు ముక్కలు చంకల్లో పెట్టించాడు, సెలైన్ ఎక్కించాడు. రెండు గంటల తరువాత బయటికి వచ్చి, "ఇంకో అరగంట అయితే నా చేతుల్లో ఉండేది కాదండి," అన్నాడు. అమ్మాయి బెంచీ మీద కూలబడింది. గుడి నుంచి పరిగెత్తుకొచ్చిన అల్లుడు గోడ వైపు తిరిగి నిలబడ్డాడు. నన్ను ఎవరూ ఏమీ అనలేదు. అనుంటే బాగుండేది.

సంగతి తరువాత తెలిసింది. వీడియోలు మానిపించాక పిల్ల ఆ ట్యాబ్‌ను అట్టపెట్టెలో కనిపెట్టింది. కింద వైఫై పైకి కూడా అందుతుంది. దానికి ఇంకోటి కూడా తెలిసిపోయింది, కథ మోగుతున్నంతసేపూ, ఊ వినిపిస్తున్నంతసేపూ ఎవరూ హాల్లోకి తొంగి చూడరని. ఐదారేళ్ల పిల్ల మమ్మల్ని ఇద్దరు టీచర్లను కనిపెట్టి చూసి, మా చెవులు ఎలా పనిచేస్తాయో నేర్చుకుంది. రోజూ నా గొంతును కిటికీలో కాపలా పెట్టి పైకి పోయేది. ఆ ట్యాబ్‌లో ఏం చూసేదో ఒకసారి నేనూ చూశాను. ముఖం కనిపించని రెండు చేతులు బొమ్మల పెట్టెలు విప్పుతుంటాయి. మాట లేదు, కథ లేదు. ఒకటి అయిపోగానే ఇంకోటి దానంతటదే వస్తుంది. అరగంట చూసి కూడా ఆపాలనిపించలేదు నాకు. అందుకు ఇంకా భయమేసింది.

ఆ ఆదివారం ఎవరైనా వస్తారని గడియ పెట్టింది. పెట్టినంత తేలిగ్గా తీయడానికి రాలేదు.

మర్నాడు పొద్దున్న ఆసుపత్రిలో నేను ఒక్కదాన్నే దాని పక్కన ఉన్నాను. కళ్లు తెరిచి నన్ను చూసింది. ఏడుస్తుందనుకున్నాను, ఏడవలేదు.

"తలుపు రాలేదమ్మమ్మా," అంది. "నేను అరిచా. అమ్మమ్మా, అమ్మమ్మా అని. చాలాసార్లు."

"అవునమ్మా."

"నువ్వు వినపడతన్నావు. కథ చెప్తానే ఉన్నావ్."

"అది నేను కాదు తల్లీ. అది ఫోను."

"నీ గొంతేగా," అంది.

అది పైన ఊపిరాడక నన్ను పిలుస్తుంటే, కింద నేను తీరిగ్గా పీతకు చెప్పులు తొడుగుతున్నాను. పిల్లకు తెలిసిన నిజం అదే.

అల్లుడు ఆ కథలన్నీ తీసేశాడు. ట్యాబ్ ఎక్కడ పారేశాడో నేను అడగలేదు. రేకుల గదికి తాళం పడింది. పిల్ల కోలుకుంది, బడికి పోతోంది, బరువు కూడా పెరిగింది. చూసినవాళ్లు గండం గడిచిందన్నారు. నేనూ అలాగే అన్నాను.

దసరా సెలవులకు పిల్ల తెనాలి వచ్చింది. మూడు రోజులు కథ ఊసెత్తలేదు, నేనూ ఎత్తలేదు. నాలుగో రోజు సాయంత్రం తనే వచ్చి నా ఎదురుగా కూర్చుని, "కథ చెప్పు," అంది. నాకు కళ్లల్లో నీళ్లు తిరిగాయి. గొంతు సవరించుకుని మొదలుపెట్టాను.

"అనగనగా ఒక కుందేలు."

"అమ్మమ్మా!"

ఆపాను. "ఏంటమ్మా?"

"ఏం లేదు. చెప్పు."

"ఆ కుందేలుకి ఒక తోట ఉంది."

"అమ్మమ్మా!"

మళ్లీ ఆపాను. మళ్లీ ఏం లేదంది. ఇలా నాలుగైదు సార్లు అయ్యాక దాని పని నాకు అర్థమైంది. కోపం రాలేదు, నా జన్మలో మొదటిసారి ఒక పిల్ల ఎన్నిసార్లు అడ్డొచ్చినా విసుగు రాలేదు. పిలిచినప్పుడల్లా ఆగాను. తరువాత అది లేచి పక్క గదిలోకి పోయింది. "నువ్వు చెప్తా ఉండు," అంది. అక్కడి నుంచి పిలిచింది, ఆపాను. వంటింట్లోంచి పిలిచింది, ఆపాను. పెరట్లోకి పోయి పిలిచింది, అప్పుడూ ఆపాను. ఒళ్లంతా చెవులు చేసుకుని, ఖాళీ గదిలో గోడకు కథ చెబుతూ కూర్చున్నాను. కుందేలు తోటలోకి వెళ్లింది, క్యారెట్లు పీకింది, కడిగింది, ఇంటికి తెచ్చింది. నాకు తెలియకుండానే గొంతు పెరిగింది. కథ బాగా వస్తోంది.

ఎంతసేపటికీ పిలుపు రాలేదు. నా మాట నోట్లోనే ఆగిపోయింది. లేచి వెళ్లాను. పిల్ల వంటింట్లో లేదు, పెరట్లో లేదు. నేను కూర్చున్న గది తలుపు వెనకే, గోడకు ఆనుకుని, నాకు రెండడుగుల దూరంలో నిలబడి ఉంది.

"రెండుసార్లు పిలిచా," అంది. "నువ్వు ఆపలా."